టెక్ సందేహాలు: షాపు మీది, సైట్ తాళం ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే బాధ గురించి. రాజాం, బొబ్బిలి, పాలకొండ. ఊళ్లు వేరు, వ్యాపారాలు వేరు, జరిగింది ఒక్కటే: సైట్ చేసినవాళ్లు దాని పేరును తమ ఖాతాలో కొన్నారు, ఇప్పుడది యజమానుల చేతిలో లేదు. అందుకని ఈసారి ఫోన్ బ్యాటరీలు, ప్రింటర్ల గురించి అడిగినవాళ్లు ఒక వారం ఆగాలి.

"ఇత్తడి, కంచు సామాను షాపు మాది. బుడితి పాత్రలు ఆన్‌లైన్‌లో అమ్ముదామని పోయినేడాది వెబ్‌సైట్ చేయించాం. తెలిసిన కుర్రాడే, అన్నీ కలిపి ఒకే మొత్తం తీసుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. వారం నుంచి సైట్ తెరుచుకోవడం లేదు. బిల్లు పుస్తకాలు, సంచుల మీద అదే అడ్రస్ అచ్చేయించాం. వేరేవాళ్లతో కొత్త సైట్ చేయించుకుంటే అదే పేరు వస్తుందా?" (రాజాం)

రావచ్చు, కానీ రోజులు లెక్కపెట్టుకోవాలి. కొత్త సైట్ సంగతి పక్కన పెట్టి, ఈ రోజే 'హూ ఈజ్' (ఇంగ్లిష్‌లో కలిపి whois) అని వెతకండి. డొమైన్ల, అంటే సైట్ పేర్ల, వివరాలు చూపించే సైట్లు వస్తాయి. మీ సైట్ పేరు అందులో కొడితే దాన్ని ఏ కంపెనీ ద్వారా రిజిస్టర్ చేశారు, గడువు ఎప్పటిదాకా, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నవి కనిపిస్తాయి. యజమాని పేరు చాలాసార్లు దాచి ఉంటుంది, దానికి కంగారుపడకండి.

వారం కిందటే ఆగిందంటే నా అనుమానం ఏడాది గడువు ముగిసి ఉంటుందని. గడువు ముగిసిన వెంటనే పేరు పోదు. మామూలు రేటుకే రెన్యూ చేసుకోవడానికి కంపెనీలు కొన్నాళ్లు గడువు ఇస్తాయి. అదీ దాటితే 'రిడెంప్షన్' అనే దశ వస్తుంది. డాట్ కామ్‌కి అది 30 రోజులు. అప్పుడు కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ ఖర్చు బాగా పెరుగుతుంది. ఆ తర్వాత 5 రోజులకు పేరు బజార్లో పడుతుంది, ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లది. వెనక్కి తెచ్చుకునే వీలున్నన్నాళ్లూ రెన్యూ చేయగలిగేది ఖాతా చేతిలో ఉన్నవాళ్లే. అంటే మీ కుర్రాడే.

కాబట్టి అతనితో గొడవ పెట్టుకోకండి. ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలు ఉంటారు కదా, వెళ్లి మర్యాదగా మాట్లాడండి. రెన్యూవల్ డబ్బులు మీరే కట్టండి. అదే కంపెనీలో మీ సొంత ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో ఒక ఖాతా తెరిచి, డొమైన్‌ను ఆ ఖాతాలోకి మార్చమని అడగండి. అతనికి పది నిమిషాల పని. వేరే కంపెనీకి మార్చుకోవాలంటే 'ఆథ్ కోడ్' అనే రహస్య సంకేతం కావాలి, అదీ అతనే ఇవ్వాలి. ముందు ఈ పని చేసి, సైట్ డిజైన్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఇలా కస్టమర్ డొమైన్‌ను తమ పేరు మీద కొనేవాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లు కారు. తమ ఖాతాలో అప్పటికే కార్డు వివరాలు ఉంటాయి, రెండు నొక్కులతో పనైపోతుంది. అంత చిన్న బద్ధకం. కానీ దాని ఫలితం షాపువాళ్ల మీద పడుతుంది. షాపు కరెంటు మీటరు పెయింటర్ పేరు మీద రాయించుకుంటామా? బోర్డు రాసినవాడి పేరు మీద అద్దె అగ్రిమెంటు పెడతామా? వెబ్‌సైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీరే చూసుకోండి బాబూ" అనేస్తున్నారు. నాకు కోపం ఇద్దరి మీదా ఉంది. అడగని యజమాని మీద, అడగకపోయినా చెప్పాల్సిన డిజైనర్ మీద.

బొబ్బిలి ఉత్తరంలో సంగతి ఇంకా ముదిరింది. ఆ పెద్దాయన ఉత్తరంతో ఆగక ఫోన్ కూడా చేశారు. "బాబూ, మా సైట్ తెరిస్తే ఏటేటో పేకాటలు వస్తన్నాయి. ఖాతాదారులు ఫోన్ చేసి తిడతన్నారు." ఆ పేరు అప్పటికే ఎవరో కొనేసుకున్నారు. కొన్నాళ్లు నడిచిన పేరుకు గూగుల్ లాంటి వెతుకులాటల్లో కాస్త విలువ ఉంటుంది కాబట్టి, అలా వదిలేసిన పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. డాట్ ఇన్ పేర్లను చూసే నిక్సీ సంస్థ దగ్గర వివాదాలు తేల్చే పద్ధతి ఉంది గానీ, చిన్న షాపుకు అది భారమైన దారి.

పేకాట పేజీ కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన మాటల మధ్యలో అన్న ఒక సంగతి. షాపు పేరుతోనే ఈమెయిల్ పెట్టుకున్నారట. జీఎస్టీకీ, కొరియర్ కంపెనీకీ, బ్యాంకుకూ అదే ఇచ్చారు. డొమైన్ చెయ్యి మారితే ఆ ఈమెయిల్ కూడా చెయ్యి మారుతుంది. కొత్తగా కొన్నవాడు అదే చిరునామాను మళ్లీ సృష్టించుకోవచ్చు. ఆ తర్వాత 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే మార్చుకునే లింకు వాడి పెట్టెలోకే వెళ్తుంది. హ్యాకింగ్ తెలివితేటలేవీ అక్కర్లేదు. పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు చదువుకుంటే చాలు.

ఆయనకు చెప్పిందే మీ అందరికీ చెబుతున్నాను. డొమైన్ పోయిందని తెలిసిన రోజే ఒక కాగితం మీద ఆ ఈమెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చారో రాసుకోండి. బ్యాంకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ మార్చుకుంటూ రండి. డొమైన్ ఖాతాకు మాత్రం ఆ డొమైన్ పేరుతోనే ఉన్న ఈమెయిల్ ఎప్పుడూ ఇవ్వకండి. ఇంటి తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది. మీ సొంత ఈమెయిల్, ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోన్ నంబర్ ఇవ్వండి. ఆటో రెన్యూవల్ పెట్టుకోండి. వీలైతే రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టేయండి.

"ఇంట్లోనే పచ్చళ్లు, అరిసెలు చేసి అమ్ముతున్నాను. సైట్‌లో నా క్యూఆర్ కోడ్ ఫొటో పెట్టాను, డబ్బులు వేసి స్క్రీన్‌షాట్ పంపమంటున్నాను. ఇది చాలా, ఆర్డరుతో పాటే డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే పెట్టాలా? గేట్‌వే అంటే కమీషన్ పోతుందని భయం." (విజయనగరం)

అమ్మా, కమీషన్ కంటే పెద్ద నష్టం మీ సైట్‌లోనే కూర్చుని ఉంది. ఆ క్యూఆర్ కోడ్ ఒక బొమ్మ, అంతే. మీ సైట్‌లోకి ఎవరైనా దూరితే ఏమీ పాడుచేయరు. అరిసెలు, ఆవకాయ, మీ ఫోన్ నంబర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఆ ఒక్క బొమ్మ తీసి తమ బొమ్మ పెడతారు. నలుపు తెలుపు గళ్లలో మీదేదో, వాళ్లదేదో కంటితో చూసి చెప్పగలిగేవాళ్లు లేరు. కస్టమర్ నిజంగానే డబ్బు వేస్తాడు, నిజమైన స్క్రీన్‌షాటే పంపుతాడు. మీరు అది చూసి పార్శిల్ కట్టేస్తారు. పైడితల్లమ్మ పండగ రోజుల్లాంటి రద్దీలో బ్యాంకు లెక్క ఎవరు సరిచూసుకుంటారు? సరిచూసుకునేసరికి సరుకూ పోయి ఉంటుంది, డబ్బూ పోయి ఉంటుంది. షాపు గోడ మీద అంటించిన స్టిక్కర్ల మీద వేరే స్టిక్కర్ అంటించే మోసం ఉంది కదా, ఇదీ అదే. గోడనైతే రోజూ చూస్తాం, సైట్‌ను మనం తెరిచి ఎన్నాళ్లవుతుందో.

స్క్రీన్‌షాట్ అడగడం ఈ రోజే మానేయండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు కూడా తిరుగుతున్నాయి. మీ బ్యాంకు యాప్‌లో జమ కనిపించాకే డబ్బా కట్టండి. రోజూ పొద్దున్నే ఇంట్లో ఇంకో ఫోన్‌తో మీ సైట్ తెరిచి, ఆ కోడ్ స్కాన్ చేసి ఒక్క రూపాయి వేసి చూడండి. డబ్బు వేసే ముందు పేరు కనిపిస్తుంది, అది మీ పేరేనా చూసుకోండి. రోజుకు పది పదిహేను ఆర్డర్లు దాటితే గేట్‌వే పెట్టుకోవడమే మంచిది. ప్రతి ఆర్డరుకూ డబ్బు వచ్చిందో లేదో అదే సరిచూసి చెబుతుంది. కమీషన్‌ను అరిసెల ధరలో కలిపేసుకోండి.

మరి దూరేవాళ్లు ఎలా దూరుతారు? నేను చూసిన చిన్న సైట్లలో సగానికి సగం పాస్‌వర్డ్ షాపు పేరు, దాని వెనక 123. ఇక రెండోది, డబ్బులు కట్టి కొనాల్సిన థీమ్‌లను (రెడీమేడ్ డిజైన్లను), ప్లగిన్‌లను (సైట్‌కు అదనపు పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములను) ఎవరో తాళం పగలగొట్టి ఉచితంగా పెడితే, డిజైనర్ వాటిని దించుకుని మీ సైట్‌లో వేయడం. తాళం పగలగొట్టినవాడు అందులో తనకో దొడ్డిదారి పెట్టుకుని ఉంటాడు. డిజైనర్‌ను సూటిగా అడగండి, వాడినవన్నీ అసలైనవేనా, వాటి అప్‌డేట్లు ఎవరు చేస్తారు అని. పని పూర్తయ్యాక అతని లాగిన్ తీసేసి, మీ లాగిన్‌కు రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి, పెట్టుకోండి. ఏమైనా జరిగి డబ్బు వేరే ఖాతాకు వెళ్లిందని తెలిస్తే, డబ్బు వేసిన కస్టమర్ చేత వెంటనే 1930కి ఫోన్ చేయించండి. తొలి గంటల్లో చేస్తేనే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

ఇంకో మాట. కొన్ని బ్రౌజర్లు సైట్ అడ్రస్ పక్కన చూపించే తాళం గుర్తు కోసం ఏడాదికి విడిగా డబ్బులు అడుగుతున్నారని రాశారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ గుర్తుకు కావాల్సిన సర్టిఫికెట్‌ను 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. సైట్లను తమ కంప్యూటర్లలో ఉంచి నడిపే హోస్టింగ్ కంపెనీలు చాలావరకు దాన్నే ఆటోమేటిక్‌గా పెడతాయి. పచ్చళ్ల సైట్‌కు అది చాలు.

"కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాక్ చేసి అమ్మడం మొదలుపెట్టాం. 10 పేజీల ప్యాకేజీ ఒక రేటు, 20 పేజీలకు ఇంకో రేటు అంటున్నారు. ఏది తీసుకోవాలి?"

రెండూ వద్దు. పేజీల లెక్కన సైట్ అమ్మేవాళ్లు మీ సరుకు గురించి ఆలోచించడం లేదు.

పోయిన వేసవిలో పలాస రైల్వే స్టేషన్‌లో కూర్చుని, అక్కడి షాపుల సైట్లు ఫోన్‌లో తెరిచి చూశాను. మొదటిది తెరవగానే 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగింది. అది మూసేస్తే కుకీల గురించి అడిగింది. అదీ మూస్తే పెద్ద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరగడం మొదలుపెట్టాయి. హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతున్న విదేశీ అమ్మాయి, అద్దాల మేడలు, చేతులు కలుపుతున్న కోటు మనుషులు. కింద 'మా దృక్పథం', 'మా లక్ష్యం' అని రెండు ఇంగ్లిష్ పేరాలు. కిలో ఎంతో ఎక్కడా లేదు! ధర దగ్గర 'సంప్రదించండి' అని ఉంది. తిత్లీ తుఫానుకు 2018లో తోటలు కూలిపోయినా మళ్లీ మొక్కలు వేసి నిలబడ్డ ఊరు ఇది. ఆ ఊరి సరుకు అమ్మే చోట ఒక్క జీడి చెట్టు ఫొటో లేదు, బట్టీ దగ్గర కూర్చుని పప్పు ఒలిచే ఒక్క ఆడమనిషి చెయ్యి కనిపించదు. ఆ సైట్ సిమెంటు అమ్ముతోందో, బీమా అమ్ముతోందో, జీడిపప్పు అమ్ముతోందో పేరు చూస్తే తప్ప తెలియదు. ఈ రెడీమేడ్ డిజైన్లు చేసేవాళ్లకు మన వ్యాపారాలేవీ తెలియవు, అది వాళ్ల తప్పు కాదు. వాటిలో బొమ్మలు కూడా మార్చకుండా డబ్బు తీసుకునేవాళ్లది మాత్రం తప్పే.

మీకు నాలుగు పేజీలు చాలు. కొనేవాడికి కావాల్సింది గ్రేడ్. డబ్ల్యూ 180 అంటే పౌండుకు 180 దాకా తూగే పెద్ద గుళ్లు, డబ్ల్యూ 320 అంటే 320 దాకా తూగే చిన్నవి. ఈ సంగతి హైదరాబాద్‌లో కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. ఒక్కో గ్రేడు గుళ్లు అరచేతిలో పోసి ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. బద్ద, ముక్క విడిగా చూపించండి. ప్రతిదానికీ ధర, బరువు, కొరియర్ ఖర్చు అక్కడే రాయండి. మీ షాపు పూర్తి అడ్రస్, ఫోన్, ఫిర్యాదు ఎవరికి చేయాలో, సరుకు బాగోకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో పెట్టండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఇవి చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ కూడా ఉండాలి.

"చిన్న టైలరింగ్ షాపు. యాప్ చేయించుకోమంటున్నారు." (శ్రీకాకుళం)

వద్దు. మ్యాపులో షాపు సరైన చోట పడేలా, తెరిచే వేళలు సరిగ్గా ఉండేలా చూసుకోండి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోండి. ఏడాది తర్వాత రాయండి.

"పొందూరు చేనేత గురించి డీటీపీ సెంటర్‌లో కరపత్రం వేయించాం. అదే తెలుగు సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. డిజైనర్ మొత్తం ఫొటోగా పెట్టేద్దాం అంటున్నాడు."

ఫొటోగా పెడితే వెతికేవాళ్లకు దొరకదు, చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. కరపత్రం పాత తరహా ఫాంట్‌లో కొట్టి ఉంటారు. అందులో తెలుగు అక్షరం లోపల ఇంగ్లిష్ సంకేతమై ఉంటుంది, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తప్ప తెలుగులా కనిపించదు. ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి యూనికోడ్, అందులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి, 'ర' వత్తు దగ్గర ఎక్కువగా తప్పుతుంది. ఉచితంగా వాడుకోదగ్గ యూనికోడ్ ఫాంట్లలో గిడుగు, గురజాడ అనే పేర్లతోనే రెండున్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల పేర్లు పెట్టుకున్న అక్షరాలు వెతికితే దొరుకుతుండగా, తెలుగును బొమ్మ చేసి గోడకు తగిలించమనడం నాకు బాధగా ఉంది.

ఫొటోల సంగతి అడిగారు. ఫోన్‌తో తీసినవి ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటాయి, వాటిని 200 కేబీ లోపుకు తగ్గించి పెట్టండి. ఫ్లాష్ వద్దు, పొద్దున్న కిటికీ పక్కన తీయండి. మగ్గం ఫొటో అందరూ పెడతారు. మీరు వాలుగ చేప దవడ ఫొటో పెట్టండి. ఆ సన్నటి పళ్లతో కొండపత్తిని గింజ నుంచి దువ్వుతున్న చెయ్యి, బాగా దగ్గరగా, పీచు కనిపించేలా. కింద రెండు వాక్యాలు యూనికోడ్ తెలుగులో రాయండి. ఒక్క జాగ్రత్త: అమ్మకం పేజీలో 'ఖాదీ' అన్న మాట వాడాలంటే ఖాదీ మార్క్ సర్టిఫికెట్ ఉండాలి. సొసైటీకి ఉందేమో కనుక్కుని, ఉంటే ఆ గుర్తు ధర పక్కనే పెట్టండి. లేకపోతే అది వచ్చేదాకా 'చేనేత' అనే రాయండి.