రాజ్యసభలో రాజ్యం ఏది?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. సాంఘికశాస్త్రం చదువుతూ, "రాష్ట్రానికి గవర్నర్ ఉంటారు కదా, మరి దేశానికి పెద్దను రాష్ట్రపతి అంటారేమిటి? రాజులే లేరు, రాజ్యసభ ఎక్కడిది?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. చెప్పగలరు.
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీవాడు అసలు చిక్కు దగ్గరే ఆగాడు. ఈ రెండు పేర్లూ హిందీ అర్థంతో పెట్టినవి. హిందీలో రాష్ట్రమంటే దేశం, రాజ్యమంటే మనం రాష్ట్రం అనేది. కన్నడిగులూ ‘కర్ణాటక రాజ్య’ అంటారు. మనకు రాజ్యమనగానే రాజుగారే గుర్తొస్తారు.

అలాగని మన వాడుక తప్పు కాదు. అమరకోశం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది: స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశం, రాష్ట్రం, దుర్గం, బలం. అంటే రాష్ట్రం రాజ్యంలో ఒక భాగం. ఇంకా దగ్గరి సాక్ష్యం మీ ఊరి చుట్టూనే ఉంది. పాత రాగిరేకుల శాసనాల్లో గుంటూరు వైపు నేలకు కర్మరాష్ట్రమనీ, నెల్లూరు వైపు ముండరాష్ట్రమనీ పేర్లు. అవి దేశాలు కావు, ఒక ఏలిక కింద ఉండిన సీమలు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ‘ఆంధ్రరాష్ట్రం’ పేరులోనూ రాష్ట్రమంటే దేశంలో ఒక భాగమే.

ఇక రాజ్యసభ. ఇంగ్లీషులో ‘కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్’ అనే సభకు 1954 ఆగస్టు 23న ఈ పేరు ప్రకటించారు. రాష్ట్రాల సభ అని అర్థం. ఎన్నిక జరిగే తీరు చెబితే మీవాడికి ఇట్టే తెలుస్తుంది. మీరు ఓటేసేది లోక్‌సభకు. తాడికొండ, మంగళగిరి, పొన్నూరు, తెనాలి, ప్రత్తిపాడు, గుంటూరు తూర్పు, గుంటూరు పశ్చిమ – ఈ ఏడు అసెంబ్లీ స్థానాలూ కలిస్తే గుంటూరు లోక్‌సభ స్థానం. రాష్ట్రమంతా లెక్కేస్తే 175 అసెంబ్లీ స్థానాలు, 25 లోక్‌సభ స్థానాలు. రాజ్యసభ ఎన్నికకు మాత్రం మన వేలికి సిరా అంటదు. వెలగపూడిలో మన ఎమ్మెల్యేలు ఓటేస్తారు. మనకున్న 11 స్థానాలూ ఒకేసారి ఖాళీ కావు. సభ్యుడి గడువు ఆరేళ్లు, రెండేళ్లకోసారి సభలో మూడోవంతు మంది దిగిపోతారు. రాష్ట్రం పేరున, రాష్ట్ర శాసనసభ పంపే మనుషులు కాబట్టి అది రాష్ట్రాల సభ.

ఈ పేర్లను తెలుగు అర్థానికి తగ్గట్టు మార్చి రాయనక్కర్లేదు. అవి పదవికీ సభకూ పెట్టిన పేర్లు, ఉన్నవి ఉన్నట్టే రాయాలి. నన్ను బాధపెట్టేది ఆ హిందీ అర్థం మామూలు మాటల్లోకి దూరిపోవడం. కిందటేడు విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో నా ప్రూఫులు దిద్దుకుంటుంటే, పక్క బల్ల మీద ‘రాష్ట్రీయ స్థాయి చిత్రలేఖన పోటీలు’ అని కరపత్రం కనబడింది. హిందీ ప్రతి పక్కనపెట్టుకుని తెలుగు చేశారట. పోటీ దేశమంతటికీ! చదివిన తల్లిదండ్రులు మన రాష్ట్రం వరకే అనుకోరూ? అచ్చుకు వెళ్లేలోపు అక్కడ కంపోజింగ్ చేసే కుర్రాడి చేత ‘జాతీయ స్థాయి’ అని మార్పించాను. మొదట ఒప్పుకోలేదు. "బెంజి సర్కిల్ మీదుగా పోయే పదహారో నంబరు రోడ్డును ఏమంటావు బాబూ?" అని అడిగాను. "జాతీయ రహదారి" అన్నాడు, అంటూనే కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.