చేతిలో 6,500 డాలర్లు, మిగిలినవి 48 రోజులు: కన్సల్టెన్సీకి కట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 జనవరిలో అమెరికా వచ్చాను, మొన్న డిసెంబర్‌లో టెక్సాస్‌లో సైబర్ సెక్యూరిటీ ఎంఎస్ పూర్తిచేశాను. ఓపీటీ (చదువు అయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మొదలై 42 రోజులైంది, ఇంకా ఉద్యోగం రాలేదు. చదువు అప్పు వడ్డీతో కలిపి 40 లక్షలు అయింది. వడ్డీ 11 శాతం, ఇల్లు తాకట్టులో ఉంది, జులై నుంచి ఈఎంఐ మొదలవుతుంది. నాన్న రిటైర్డ్ టీచర్, పెన్షన్ 45 వేలు. నా దగ్గర 6,500 డాలర్లు ఉన్నాయి, నెలకు 1,100 ఖర్చవుతోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 3,000 డాలర్లు కడితే ట్రైనింగ్ ఇచ్చి, రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం చూపించి, ఓపీటీకి పనికొచ్చే ఆఫర్ లెటర్ ఇస్తామంటున్నారు. నాన్న చిట్టీ పాడి డబ్బు పంపిస్తానంటున్నారు. కట్టమంటారా?
పాఠకురాలు, ఇర్వింగ్

జవాబు: కట్టొద్దు. నాన్నగారిని కన్సల్టెన్సీ కోసం చిట్టీ జోలికి వెళ్లొద్దని ఈరోజే చెప్పండి.

ఎందుకంటే ఇప్పుడు మీ దగ్గర డబ్బు కంటే రోజులు తక్కువ ఉన్నాయి. ఓపీటీ 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు) మీద ఉన్న ప్రారంభ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. శని, ఆదివారాలు కూడా కలుస్తాయి. ఉద్యోగం లేకుండా ఇండియా వచ్చి ఉన్నా ఆ రోజులు ఆగవు. మీకు మిగిలినవి 48. కాబట్టి పెట్టే ప్రతి డాలరూ నిజాయితీగా ఆ లెక్కను ఆపడానికో, ఉద్యోగాన్ని దగ్గర చేయడానికో ఉపయోగపడాలి. కన్సల్టెన్సీ ఇచ్చే లెటర్ పైకి లెక్క ఆపినట్టే ఉంటుంది, కానీ మీ కెరీర్‌ను ముంచుతుంది.

ఎలాగో చెబుతాను. మూడేళ్ల అనుభవం అంటే మీరు 2023 నుంచి పనిచేస్తున్నట్టు చూపించాలి. మీరు విద్యార్థిగా వచ్చింది 2024లో. మీ వీసా ఫారాలు, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రెండూ వేరే కథ చెబుతాయి. పైగా మీరు ఎంచుకున్నది సెక్యూరిటీ రంగం. బ్యాంకు గానీ ఆసుపత్రి గానీ తమ నెట్‌వర్క్ తాళాలు ఇచ్చే మనిషి గతాన్ని గట్టిగానే తనిఖీ చేస్తాయి. అబద్ధం అక్కడ బయటపడితే ఆ ఒక్క ఉద్యోగంతో పోదు. 2019లో ఫిన్‌డ్రీమ్, సైనోకన్‌టెక్ అనే కంపెనీల కేసు చూడండి. పని ఇవ్వకుండానే విద్యార్థులకు ఓపీటీ ఉద్యోగ పత్రాలు అమ్మారని వాటిని నడిపిన మహిళను అరెస్టు చేశారు. ఆ కంపెనీల పేర్లు రికార్డులో ఉన్నవాళ్లు తర్వాత వీసాలకు, హెచ్-1బీకి వెళ్లినప్పుడు చాలా ఇబ్బందులు పడ్డారు. డబ్బు తీసుకున్నవాళ్లు ఒకరు, ఏళ్ల తరబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది మరొకరు.

ఇక మీ 6,500 సంగతి. ఇందులో వెయ్యి డాలర్లు రిటర్న్ టికెట్‌కు పక్కన పెట్టి, దాన్ని మర్చిపోండి. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటితో ముగిసిందో ఒకసారి చూడండి. చాలామంది గ్రాడ్యుయేషన్ తర్వాత ఇన్సూరెన్స్ లేకుండానే నెలలు గడిపేస్తున్నారు. అమెరికాలో ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తే మీ పొదుపంతా ఖాళీ అవుతుంది. ఓపీటీలో ఉన్నవారికి దొరికే పాలసీ ఒకటి తీసుకుని, దానికి నెలకు వంద డాలర్లు అనుకోండి. అప్పుడు 5,500ను 1,200తో భాగిస్తే నాలుగున్నర నెలలు వస్తాయి. కన్సల్టెన్సీకి 3,000 కట్టేస్తే రెండు నెలలే. వేల డాలర్ల బూట్‌క్యాంపులకు, సర్టిఫికేషన్ ప్యాకేజీలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

90 రోజుల లెక్కను ఆపడానికి చట్టబద్ధమైన దారి ఒకటుంది. మొదటి 12 నెలల ఓపీటీలో, మీరు చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనిని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా ఉద్యోగంగానే లెక్కిస్తారు. అది కార్మిక చట్టాలకు విరుద్ధంగా ఉండకూడదు. అందుకే లాభాపేక్ష ఉన్న కంపెనీకి ఉచితంగా పనిచేయకుండా యూనివర్సిటీ ల్యాబ్, స్వచ్ఛంద సంస్థ లాంటివి చూసుకోండి. మీ ప్రొఫెసర్‌ను, యూనివర్సిటీ ఐటీ సెక్యూరిటీ ఆఫీసును, స్థానిక ఫుడ్ బ్యాంకును, లైబ్రరీని అడగండి. చిన్న సంస్థలకు పాస్‌వర్డ్ విధానం రాసిపెట్టేవాళ్లు, ఫిషింగ్ (మోసపు మెయిళ్లు) మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చేవాళ్లు, బ్యాకప్‌లు సరిగా ఉన్నాయో లేదో చూసేవాళ్లు నిజంగానే అవసరం. గంటలు, చేసిన పని రాసి ఉన్న లెటర్ తీసుకోండి. చేరిన 10 రోజుల్లోపు విదేశీ విద్యార్థుల ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన ఎస్ఈవీపీ పోర్టల్‌లో నమోదు చేయండి. మీ డీఎస్ఓతో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి) ముందే మాట్లాడండి. రెజ్యూమెలో రాసుకోవడానికి అబద్ధం కాని అనుభవం కూడా ఇలాగే వస్తుంది. ఈ వారం మీరు చేయాల్సిన మొదటి పని ఇదే.

మీకు కాల్స్ ఎందుకు రావడం లేదన్నది కూడా మాట్లాడుకోవాలి. ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ అనలిస్టుల మధ్యస్థ జీతం 2024 మే నాటికి ఏడాదికి 1,24,910 డాలర్లని అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో చెప్పింది. అడ్మిషన్లు అమ్మేవాళ్లు ఇలాంటి అంకెలే చూపిస్తారు. అది అనుభవం ఉన్నవాళ్లను కూడా కలుపుకున్న అంకె, ఫ్రెషర్ జీతం కాదు. పైగా ఈ రంగంలో పెద్ద భాగం మీకు మూసి ఉంది. సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు, రక్షణ కాంట్రాక్టర్ల ఉద్యోగాలు చాలావరకు ఆ కోవలోవే. శాన్ ఆంటోనియోలో, ఫోర్ట్‌వర్త్‌లో కనిపించే సైబర్ ప్రకటనల్లో చాలా వాటికి ఈ షరతు ఉంటుంది. వాటికి అప్లై చేసి జవాబు రాలేదని బాధపడకండి, మీ రోజులు వాటి మీద ఖర్చు పెట్టకండి.

మీకు తెరిచి ఉన్నవి బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ఆసుపత్రి గ్రూపులు, టెలికాం, ఆడిట్ సంస్థలు. డాలస్ చుట్టుపక్కల ఇవన్నీ ఉన్నాయి. అందరూ హ్యాకింగ్, పెన్ టెస్టింగ్ (లోపాలు వెతకడానికి అనుమతితో చేసే దాడి) వైపు పరుగెడుతుంటారు. నిబంధనల అమలు చూసే జీఆర్‌సీ విభాగంలో, ఎవరికి ఏ యాక్సెస్ ఉండాలో చూసే ఐఏఎమ్ విభాగంలో పోటీ కొంత తక్కువ. వేరే కంపెనీల భద్రత చూసే మేనేజ్డ్ సెక్యూరిటీ సంస్థల్లో నైట్ షిఫ్ట్ ఎస్ఓసీ అనలిస్ట్ (అలర్ట్‌లు గమనించే) పనిని చాలామంది వద్దనుకుంటారు, మీరు అనుకోకండి. నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగం వచ్చినా, అందులో భద్రతకు సంబంధించిన పని ఉంటే తీసుకోండి.

నన్నడిగితే యూనివర్సిటీలనే జాబితాలో పైన పెడతాను. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు, పరిశోధన సంస్థలు హెచ్-1బీకి ఏడాది పొడవునా దరఖాస్తు చేయొచ్చు. మిగతా కంపెనీలకు ఉండే ఏడాదికి 85 వేల వీసాల పరిమితి, అవి ఎవరికో తేల్చే మార్చి లాటరీ వాళ్లకు లేవు. జీతం కంపెనీల కంటే తక్కువే. కానీ లాటరీలో ఇప్పుడు ఎక్కువ వేతన స్థాయి ఉన్నవారికే ఎక్కువ అవకాశం ఇస్తున్నారు కాబట్టి, కొత్తగా చేరే మీలాంటివారికి ఈ దారి విలువ ఇంకా పెరిగింది.

ఆఫర్ వచ్చినప్పుడు ఒకటి తప్పక చూడండి: ఆ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉందా? లేకపోతే తర్వాతి 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ కోర్సులవారికి ఓపీటీ పొడిగింపు) అక్కడ దొరకదు. ఈ-వెరిఫై వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు వెతకొచ్చు. గతంలో ఎవరు హెచ్-1బీ స్పాన్సర్ చేశారో అమెరికా వలస సేవల విభాగం యూఎస్‌సీఐఎస్ డేటా హబ్‌లో కనిపిస్తుంది. దరఖాస్తులో “ఇప్పుడు లేదా భవిష్యత్తులో స్పాన్సర్‌షిప్ కావాలా” అంటే అవుననే రాయండి. మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు మాత్రం, స్టెమ్‌తో కలిపి దాదాపు మూడేళ్లు స్పాన్సర్‌షిప్ లేకుండానే పనిచేయగలనని స్పష్టంగా చెప్పండి. చాలామంది మేనేజర్లకు ఈ సంగతి తెలియదు.

సర్టిఫికెట్లకు ఎక్కువ పెట్టొద్దు. సీనియర్ల సర్టిఫికెట్ అయిన సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం కావాలి, కాబట్టి అది ఇప్పుడు మీది కాదు. ప్రాథమిక సర్టిఫికెట్ సెక్యూరిటీ ప్లస్ లేకపోతే ఆ పరీక్ష ఒక్కటీ రాయండి. ఖర్చు నాలుగు వందల డాలర్ల పైమాటే, కానీ ఫ్రెషర్ల ప్రకటనల్లో తరచుగా అడిగేది అదే. ల్యాప్‌టాప్‌లో దాడులను పసిగట్టే వాజూ లాంటి ఉచిత టూల్‌తో చిన్న ల్యాబ్ పెట్టుకుని, మీరు పట్టుకున్న అలర్ట్‌ల మీద రెండు పేజీల రిపోర్టులు రాయండి. ఇంటర్వ్యూలో అవి మాట్లాడతాయి.

ఇప్పుడు ఖమ్మం వైపు. 40 లక్షలకు 11 శాతం చొప్పున నెల వడ్డీయే 36,700 దాకా అవుతుంది. పదేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 55,100. నాన్నగారి పెన్షన్ మొత్తం ఇచ్చినా సరిపోదు. పదిహేనేళ్లకు పెంచితే 45,500 అవుతుంది, కానీ మొత్తం మీద దాదాపు 16 లక్షలు అదనంగా కట్టాల్సి వస్తుంది. అయినా ఇప్పుడు కాలవ్యవధి పెంచమనే అడగండి. ఫ్లోటింగ్ వడ్డీ ఉన్న వ్యక్తిగత రుణాన్ని ముందుగా తీర్చేస్తే పెనాల్టీ ఉండదు కాబట్టి, డబ్బు వచ్చినప్పుడు త్వరగా కట్టేయొచ్చు. జులై దాకా ఆగకుండా ఈ నెలలోనే నాన్నగారు బ్రాంచికి వెళ్లి, ఉద్యోగం దొరికే వరకు గడువు కావాలని రాతపూర్వకంగా అడగాలి. కట్టడం మానేశాక అడిగితే ఎవరూ వినరు. బాకీ కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది, నాన్నగారి సిబిల్ కూడా పాడవుతుంది. గడువు ఇవ్వకపోతే కనీసం వడ్డీ వరకైనా కట్టే ఏర్పాటు అడగండి. చిట్టీ పాడాల్సి వస్తే అది దీనికోసం పాడాలి.

ఉద్యోగం వస్తే ఏం చేయాలి? ఏడాదికి 75 వేల డాలర్ల జీతం అనుకుందాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, చేతికి నెలకు 5 వేలకు పైనే వస్తుంది. ఇప్పటిలాగే రూమ్ షేర్ చేసుకుంటూ, కారు లోన్ పెట్టుకోకుండా నెలకు రెండు వేల డాలర్లు పంపండి. అది నెలకు లక్షా 75 వేల రూపాయలు అనుకున్నా మొత్తం అప్పు 26 నెలల్లో తీరిపోతుంది. ఓపీటీ, స్టెమ్ కలిపి మూడేళ్లు. అంటే లాటరీ తగలకపోయినా ఇల్లు విడిపించుకుని రావచ్చు. హెచ్-1బీ వస్తుందని నమ్ముకుని అప్పును పదేళ్లు సాగదీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. లాటరీని మీ లెక్కలోకి తీసుకోకండి.

ఉద్యోగం రాకపోతే? 75వ రోజుకు జీతం ఉన్న ఉద్యోగం గానీ, పైన చెప్పిన 20 గంటల పని గానీ లేకపోతే టికెట్ కొనండి. 90 దాటితే స్టేటస్ పోతుంది, దాని మచ్చ తర్వాతి వీసా మీద పడుతుంది. స్టేటస్ కోసం రెండో మాస్టర్స్‌లో చేరడం అంటే మరో అప్పు. అది వద్దు. వెనక్కి వస్తే అమెరికా దారి కష్టమవుతుందన్నది నిజమే. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు అక్కడే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి మారేవారికి వర్తించదని యూఎస్‌సీఐఎస్ చెప్పింది, బయటి నుంచి వచ్చేవారికి మాత్రం వర్తిస్తుంది. ఇది తెలిసే నిర్ణయం తీసుకోండి. కానీ హైదరాబాద్‌లో గ్లోబల్ కంపెనీల సెంటర్లకు సెక్యూరిటీ మనుషులు కావాలి. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించాక, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చాక ఇక్కడా ఈ పని పెరిగింది. అందుకే హైదరాబాద్ ఉద్యోగాలకూ ఇప్పటి నుంచే అప్లై చేయండి. ఏడాదికి 8 లక్షలు వచ్చినా పదిహేనేళ్ల ఈఎంఐ కట్టడం మొదట్లో కష్టమే. నాన్నగారు కొంత కలపాల్సి వస్తుంది. అయినా ఇల్లు నిలబడుతుంది.

రెండు చిన్న సంగతులు, అమ్మా. మొదటి పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోశారేమో చూడండి. ఎఫ్-1లో ఉన్నంతకాలం మీకు 2028 డిసెంబర్ దాకా ఆ కోత ఉండకూడదు. 75 వేల జీతం మీద అది ఏడాదికి 5,700 డాలర్లకు పైనే. పొరపాటున కోస్తే పేరోల్ వాళ్లకు వెంటనే రాయండి. రెండోది, మొదటి జీతం రాగానే మీ పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకుని, నామినీగా నాన్నగారిని పెట్టండి. అప్పు తీరే వరకు దాన్ని ఆపొద్దు.