కారులో దాగిన ఫీచర్లు

ప్రశ్న: మా పాత స్కోడా ఆక్టేవియా కారుకు కోడింగ్‌తో కొత్త ఫీచర్లు తెప్పిస్తానని ఒకతను అంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నమ్మొచ్చండీ. కోడింగ్ అంటే కారులోని కంప్యూటర్ల సెట్టింగులు మార్చడమే. కాకపోతే ఫీచరుకు కావలసిన సామాను కారులో ముందే ఉండాలి. లేని సెన్సార్ కోడింగ్‌తో రాదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరు ముళ్లు చివరిదాకా వెళ్లి వెనక్కి రావడం, రిమోట్ నొక్కి పట్టుకుంటే అద్దాలు మూసుకోవడం లాంటివి చాలా ఆక్టేవియాల్లో వస్తాయి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్లను పరీక్షించేందుకు ఉండే సాకెట్) వీసీడీఎస్ అనే సాఫ్ట్‌వేర్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ తగిలించి చేస్తారు. మీరు పక్కనే ఉండి, ఏదైనా మార్చకముందే పాత కోడింగ్‌ను ఫొటో తీసుకోండి. ఇది మాత్రం వదలొద్దు. మధ్యలో బ్యాటరీ దిగిపోతే ప్రమాదం కాబట్టి నేనైతే చార్జర్ తగిలించే పని మొదలుపెడతాను. ఎయిర్‌బ్యాగ్‌ను, ఏబీఎస్‌ను (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) నడిపే కంప్యూటర్ మాడ్యూళ్ల జోలికి వెళ్లొద్దని ముందే చెప్పేయండి. సీటు బెల్టు శబ్దం తీసేస్తానంటే అస్సలు ఒప్పుకోకండి.