దారిలో దొరికే ఉచిత వైఫైని ఎంతవరకు నమ్మవచ్చు?

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి శంషాబాద్‌లో విమానమెక్కి, దోహాలోనో దుబాయ్‌లోనో మారి అమెరికా చేరే పిల్లలు తరచూ అడిగే సందేహం ఇది. ఇంటికి క్షేమంగా ఉన్నామని కబురు పెట్టడానికి, దారి చూసుకోవడానికి ఆ వైఫైని నిశ్చింతగా వాడుకోండి. డబ్బు పంపడం, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చడం వంటి పనులు మాత్రం మీ సొంత సిమ్ డేటా మీదే చేసుకోండి.

2010లో వచ్చిన ఫైర్‌షీప్ అనే ప్రోగ్రాముతో, రక్షణ లేని వైఫైలో పక్కనున్నవారి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఎవరైనా చొరబడగలిగేవారు. ఇప్పుడు పేరున్న సైట్లు, బ్యాంకు యాప్‌లు సమాచారాన్ని సంకేత రూపంలోకి మార్చే పంపుతున్నాయి గనుక ఆ భయం చాలావరకు తీరింది. అయితే బ్రౌజర్‌లోని తాళం గుర్తు సమాచారం వెళ్లే దారి భద్రమని మాత్రమే చెబుతుంది, అవతలి సైటు నిజమైనదని కాదు.

అసలు ప్రమాదం నకిలీ నెట్‌వర్కుతో వస్తుంది. ఫోనుకు కనిపించేది పేరు ఒక్కటే. పక్క కుర్చీలో కూర్చున్న వ్యక్తి కూడా తన హాట్‌స్పాట్‌కు విమానాశ్రయం పేరు పెట్టుకోగలడు. అందుకే గోడ మీది బోర్డు చూసో, సిబ్బందిని అడిగో సరైన పేరు తెలుసుకున్నాకే ఆ వైఫైకి కనెక్ట్ అవ్వండి. లాగిన్ పేజీ ఈమెయిల్ అడిగితే ఇవ్వవచ్చు గాని, జీమెయిల్ పాస్‌వర్డో కార్డు నంబరో అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. బ్యాంకు సైటు తెరిచినప్పుడు "కనెక్షన్ సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తే, తొందరలో ఉన్నా సరే, దాన్ని దాటి ముందుకు నొక్కకండి.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవకపోతే కంగారు పడకండి, అక్కడ ఇంటర్నెట్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. సందేశం పెడితే చాలు. ఆ ఒక్క కాల్ కోసం ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ యాప్ (ఫోను ఇంటర్నెట్‌ను వేరే సర్వరు మీదుగా మళ్లించేది) ఎక్కించుకుంటే, మీ ఇంటర్నెట్ రాకపోకలన్నీ ముక్కూమొహం తెలియని వారి చేతుల మీదుగా సాగుతాయి.

ఓటీపీలు అందాలంటే ఇండియా సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్‌ను బయల్దేరేముందే ఆన్ చేయించుకోవాలి. హోటల్ లాబీలోని కంప్యూటర్ వైఫై కంటే ప్రమాదం, మీరు టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ అది దాచుకోగలదు. కాబట్టి ఐ-20 (అమెరికా విద్యార్థి వీసా కోసం అక్కడి కాలేజీ ఇచ్చే పత్రం) కాపీల కోసం అందులో మెయిల్ తెరవాల్సిన అవసరం రాకుండా, ఊళ్లోనే ప్రింట్లు తీయించి చేతి సంచిలో పెట్టుకోండి.