డ్రాయింగ్ టీచరు కాబోతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

ట్రైనింగులో రోజూ క్లాసు అయ్యాక డైరీ రాయమంటున్నారట, నువ్వేమో సీనియర్ల రికార్డు తెచ్చుకుని దించేస్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెబితే నవ్వొచ్చింది. మా బడికి టీచింగ్ ప్రాక్టీసుకి వచ్చిన పిల్లల రికార్డులు నేను చాలా చూశాను. అన్నిట్లోనూ ఒకటే పాట: "నేటి పాఠం సంతృప్తికరంగా సాగింది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు." ఇది రాయడానికి క్లాసుకి వెళ్ళనక్కర్లేదు కదరా! ఇంట్లో మంచం మీద పడుకుని కూడా రాయొచ్చు.

నేను చెప్పేది ఒకటే. ముందు చూసింది రాయి. నీకేమనిపించిందో తరవాత. పుస్తకం ఏమందో ఆ తరవాత. ఈ వరస తప్పనివ్వకు.

చూసింది రాయడమంటే ఎలాగో చెబుతాను. మూడో తరగతి పిల్ల ఒకతె గేదె బొమ్మ వేసింది. నా నోట్సులో ఉన్నది ఇంతే: "ముందు పొట్ట వేసింది. కాగితంలో సగం అదే. తరవాత తల, వెనక్కి తిరిగిన కొమ్ములు. నాలుగు కాళ్ళూ వరసగా, దువ్వెన పళ్ళలా. పొట్టలో ఇంకో చిన్న గేదె, కాళ్ళు మడుచుకుని. రబ్బరు ఒక్కచోటే వాడింది, దూడ తల దగ్గర. ఎందుకు చెరిపావే అంటే, 'తల అటుంటే ఈనేటప్పుడు కష్టమంట టీచర్, మా నాన్న చెప్పాడు' అని తోక వైపుకి తిప్పి వేసింది."

ఇందులో బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. "పొట్ట మరీ పెద్దది, కాళ్ళ పొందిక కుదరలేదు" అని రాసి ఊరుకుంటే ఆ పిల్ల ఇంట్లో చూడి గేదె ఉందన్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు. అది పొట్టతో ఎందుకు మొదలుపెట్టిందో అసలే తెలియదు.

ఇప్పుడు పుస్తకం తియ్యి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పేరు మీ క్లాసులో ఈపాటికి వినే ఉంటావు. పిల్లల బొమ్మలు ఏ వయసులో ఎలా మారతాయో 1947లో పుస్తకం వేశాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు నేలకి ఒక గీత గీసి అన్నిటినీ దానిమీద నిలబెడతారనీ, లోపలిదీ బయటిదీ ఒకేసారి కనపడేలా ఎక్స్‌రే బొమ్మలు వేస్తారనీ అందులో ఉంటుంది. మన గేదె పిల్ల సరిగ్గా ఆ వయసుదే. "ఓహో, ఎక్స్‌రే బొమ్మ" అని పేరు పెట్టేసి పుస్తకం మూసేశావనుకో, దూడ తల సంగతి గాలికి పోయినట్టే. కంటికి కనపడనిదాన్ని, నాన్న చెప్పిన మాటని బట్టి దిద్దుకుంది ఆ పిల్ల. పుస్తకంలో దీనికి చోటుందా? ఆ ప్రశ్న మార్జిన్లో పెన్సిలుతో రాసుకో. లైబ్రరీ పుస్తకమైతే చీటీ మీద రాసి పెట్టుకో, లైబ్రేరియన్ చేత తిట్లు తినకు.

రాసినవాడెవరో కూడా తెలుసుకుని చదవాలి. లోవెన్‌ఫెల్డ్ వియన్నాలో అంధుల పాఠశాలలో పనిచేశాడు. చూపు సరిగా ఆనని పిల్లల చేత మట్టిబొమ్మలు చేయించాడు. కంటితో చూసి వేసేవాళ్ళు కొందరు, ఒంటికి తెలిసినదాన్ని బట్టి వేసేవాళ్ళు కొందరు అని ఆయన చేసిన విభజనకి మూలం అక్కడుంది. అది తెలిస్తే ఆ అధ్యాయం వేరేగా కనపడుతుంది. ఇక వయసుల పట్టిక సంగతంటావా, బడికొచ్చేదాకా రంగు ముట్టుకోని పిల్లలకి అది అచ్చంగా సరిపోతుందో లేదో నీ నోట్సు పక్కన పెట్టి చూసుకో. పరీక్షలో మాత్రం పట్టిక పట్టికలాగే రాయి, మార్కులు పోగొట్టుకోకు!

ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాంగా, మళ్ళీ రాయడమెందుకంటావేమో. ఫొటోలో పూర్తయిన బొమ్మ ఒక్కటే ఉంటుంది. ఏది ముందు వేసిందో, ఎక్కడ ఆగిందో, పక్కవాడి కాగితంలోకి ఎప్పుడు తొంగి చూసిందో ఫొటోకి అందదు. బెల్లు కొట్టాక స్టాఫ్ రూముకి వెళ్ళే లోపలే నాలుగు ముక్కలు గీకేసుకో. టీ తాగాక రాద్దామనుకుంటే సగం ఎగిరిపోతుంది. క్లాసు మొత్తం గురించి రాయబోకు, ఇద్దరు పిల్లలు చాలు. ఇంకోటి, పిల్లల బొమ్మ మీద ఎర్ర ఇంకుతో ఏమీ రాయకు. తేదీ, ఆ బొమ్మ గురించి వాళ్ళన్న మాట, కాగితం వెనకవైపు పెన్సిలుతో రాస్తే సరిపోతుంది.

నెలకోసారి వెనక్కి తిరగేసి చదువుకో. అసలు లాభం ఇక్కడే ఉంది. ముందు హాజరుపట్టీ పక్కన పెట్టుకుని, నీ నోట్సులో ఒక్కసారీ రాని పేర్లు ఏవో చూడు. అల్లరి పిల్లలూ, బాగా వేసే పిల్లలూ పదేపదే వస్తారు. గీతలు కొట్టుకుని నీటుగా రంగు నింపి నోరెత్తకుండా కూర్చునేవాళ్ళు రారు. మర్నాటి పీరియడ్‌లో ముందు వాళ్ళ బెంచీ దగ్గరికి వెళ్ళు. తరవాత "చెప్పాను" అని ఎన్నిసార్లు రాశావో, "అడిగాను" అని ఎన్నిసార్లు రాశావో సున్నాలు చుట్టి లెక్కపెట్టు. మీ లెక్చరరుగారు ఇచ్చే రిపోర్టు కంటే అదే నీకు ఎక్కువ చెబుతుంది.

చదవడమంటే అచ్చు పుస్తకాలే అనుకోకు. శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ వేసేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చో. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ఎందుకు నానబెడతారో అడుగు. పాల వల్ల రంగు పాకకుండా ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నల్లరంగు కలంలో ఉన్నంతసేపూ పలచగానే ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలాక నల్లబడుతుంది. ఇది నీ చేత్తో నువ్వు రాసుకున్నదైతే, రేపు పిల్లలు "ఎందుకు టీచర్?" అన్నప్పుడు తడుముకోవు.

అలాగే రాజమండ్రి వెళితే దామెర్ల రామారావు గ్యాలరీలో ఒక్క బొమ్మ ముందే నిలబడు. అన్నీ చుట్టేసి రాకు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు. ఆయన బొమ్మల గురించి రాసినవాళ్ళున్నారు. టీచరు కాబోయేవాడివి కాబట్టి నువ్వు ఆయన గురువు కూల్డ్రే వైపు నుంచి కూడా చదువు. కూల్డ్రే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు, డ్రాయింగ్ మాస్టారు కాదు. అలాంటాయన ఒక కుర్రాడి చేతిలో ఏం చూసి బొంబాయి ఆర్టు స్కూలుకి పంపించాడు? అడివి బాపిరాజు కూడా కూల్డ్రే దగ్గరే చదువుకున్నాడు. నీ నోట్సుకి రెండు పేజీల ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.

పరీక్షలు దగ్గరపడితే నీ పీరియడ్ లెక్కల మాస్టారు పట్టుకుపోతారు, అది ఏ బడిలోనైనా తప్పదు. ఆ ఖాళీలో పాత నోట్సు చదువుకో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్సు తీసుకురా. నాకు చూపించాలని ఫెయిర్ కాపీ చేసేవు, అక్కర్లేదు. కొట్టివేతలతో సహా అలాగే తెచ్చెయ్యి. మీ మామయ్య మోకాళ్ళ నొప్పులు కాస్త నయం. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య