అమ్మ పాడతానంటే నవ్వాను, ఇప్పుడు భయంగా ఉంది

ప్రశ్న: నా వయసు 26. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి పద్నాలుగేళ్లయింది. అప్పటి నుంచి అమ్మే విద్యానగర్‌లో చిన్న టైలరింగ్ షాపు నడుపుతూ నన్నూ తమ్ముడినీ చదివించింది. అమ్మకు 48. మిషన్ తొక్కుతూ పాత పాటలు పాడుకుంటుంది, కస్టమర్ గుమ్మంలోకి రాగానే ఆపేస్తుంది. మూడు నెలల క్రితం టీవీలో పాటల పోటీకి వెళ్తానంది. "ఈ వయసులో నీకెందుకమ్మా, అందరూ నవ్వుతారు" అంటూ నేనే నవ్వేశాను. మాకు చెప్పకుండా ఆడిషన్‌కి వెళ్లొచ్చింది. సెలెక్ట్ అయింది. వచ్చే నెలలో షూటింగ్. నాకు సంబంధాలు చూస్తున్న టైమ్‌లో ఇదేం పని, పరువు పోతుందని పెద్దమ్మ, మామయ్య గొడవ చేస్తున్నారు. "నువ్వు వద్దంటే మానేస్తాను" అని అమ్మ నన్నడిగింది. అమ్మను ఎవరైనా ఎగతాళి చేస్తే నేను తట్టుకోలేను. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెళ్లమని చెప్పండి. ఈ రాత్రే చెప్పండి.

మీ ఉత్తరంలో ‘నువ్వు వద్దంటే మానేస్తాను’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫాల్స్, పీకో, బ్లౌజులు కుట్టి ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకు చేర్చిన మనిషి, తన కోసం ఒక్క పని చేసుకోవడానికి కూతురి అనుమతి అడుగుతోంది. మీరు వద్దంటే నిజంగానే మానేస్తుంది. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తదు. మిషన్ దగ్గర పాడటం కూడా మానేస్తుందేమోనన్నదే నా దిగులు.

మీరు భయపడుతున్న నవ్వు మీకు బాగా తెలిసినదే, ఎందుకంటే అది మొదట మీ నోటి నుంచే వచ్చింది. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఆ రోజు నవ్వినందుకు మీరు లోపల నలిగిపోతున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ‘జనం నవ్వుతారు’ అనేది ఇప్పుడు అమ్మకు రక్షణలా కనిపిస్తోంది కానీ, అందులో సగం మీ గిల్టే ఉంది. దాన్ని వేరుచేసి చూడండి. అమ్మతో కూడా ‘ఏమీ అనుకోకు’ అని తేల్చేయకండి. "ఆ రోజు నేను నవ్వడం తప్పు, నీ పాట వినకుండానే నవ్వాను" అని సూటిగా చెప్పండి.

సూజన్ బాయిల్ వీడియో మీరు చూసే ఉంటారు. ఆమెది స్కాట్లాండ్‌లోని బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరు. 2009 ఏప్రిల్‌లో ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ అనే టీవీ పోటీలో ఆమె ఆడిషన్ ప్రసారమైంది. వయసు 47, ఉద్యోగం లేదు, చెదిరిన జుట్టు, మామూలు గౌను. పెద్ద గాయని కావాలని ఉందని చెబితే జనంలో ఒకమ్మాయి కళ్లు తిప్పుకుంది, జడ్జీల మొహాల్లో నమ్మకం లేదు. మొదటి లైను పాడేసరికి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అందరికీ గుర్తున్నది ఇంతవరకే. నాకు మాత్రం దానికి ముందూ వెనకా జరిగినవే ముఖ్యం.

ఆ గొంతు ఆ రోజు ఊడిపడింది కాదు. ఏళ్ల తరబడి చర్చిలో పాడింది, పాఠాలు నేర్చుకుంది, 1999లో ఒక ఛారిటీ సీడీకి పాట కూడా రికార్డు చేసింది. ఆ పోటీకి వెళ్లమని ఆమెను పోరింది వాళ్లమ్మ. 2007లో ఆ తల్లి పోయింది. తల్లి మాట నిలబెట్టాలనే సూజన్ స్టేజీ ఎక్కింది. మీ ఇంట్లో తల్లే పాడతానంటోంది, వెళ్లమనాల్సింది మీరు.

ఇక వెనక జరిగింది. మే 30న ఫైనల్లో ఆమెకు రెండో స్థానం వచ్చింది, గెలిచింది ఒక డాన్స్ బృందం. మర్నాడే తీవ్రమైన అలసటతో ఆమెను క్లినిక్‌లో చేర్చాల్సి వచ్చింది. అన్ని వారాల పాటు ఇంటి ముందు విలేకరులు, ఊపిరాడని హడావిడి. తర్వాత కోలుకుంది. ఆ నవంబర్‌లో వచ్చిన ఆల్బమ్, బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ తొలి ఆల్బమూ అమ్ముడవనంతగా మొదటి వారంలోనే అమ్ముడైంది. అంటే ఎగతాళి ఆమెను పడగొట్టలేదు. ఒక్కసారిగా మీదపడిన జనం, నిద్రలేని రాత్రులు పడగొట్టాయి. మీరు కాపలా కాయాల్సింది అక్కడ.

షూటింగ్‌కు ముందు సంతకం పెట్టమని ఇచ్చే కాగితాల్ని మీరే పూర్తిగా చదవండి. అర్థం కాకపోతే తెలిసిన లాయరుకు చూపించండి. సెలెక్షన్ పేరుతోనో, తర్వాతి రౌండ్ పేరుతోనో ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, నేరుగా ఛానల్‌ను కనుక్కోండి. ఇలాంటి షోల్లో పాట కన్నా కన్నీళ్లు ఎక్కువ అడుగుతారు. మీ నాన్నగారి మరణం గురించి ఎంతవరకు చెప్పాలో అమ్మే ముందుగా నిర్ణయించుకోవాలి. ‘అది చెప్పను’ అనే హక్కు ఆమెకుందని మీరు గుర్తుచేయాలి. ప్రసారమయ్యాక నాలుగు రోజులు కామెంట్లు ఆమె చదవక్కర్లేదు, ఫోన్ తమ్ముడి దగ్గర ఉంచండి. నిద్ర, తిండి తప్పనివ్వకండి. ఓడినా గెలిచినా దిగులు, నిద్రలేమి వదలకపోతే ‘టెలీ మానస్’ నంబరు 14416కి కాల్ చేయొచ్చు. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సర్వీసు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆమె మొదటి రౌండ్‌లోనే వెనక్కి రావచ్చు. దానికీ సిద్ధంగా ఉండండి. మీకు దగ్గర్లోనే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది. పాత పాటల కార్యక్రమాలు జరుగుతుంటాయి. టీవీతో సంబంధం లేకుండా అక్కడికి ఇప్పుడే ఒకసారి తీసుకెళ్లండి. పాడాలనుకునేవాళ్లు తనలా ఎంతమంది ఉన్నారో చూస్తుంది.

పెద్దమ్మగారు, మామయ్యగారి విషయంలో నాకు పెద్దగా అనుమానం లేదు. పెళ్లికూతురి తల్లి పాట పాడిందని సంబంధం వద్దనుకునే ఇల్లు మీకు సరిపడే ఇల్లు కాదు. ఈ మాట అమ్మ చేత చెప్పించకండి. వాళ్లు గౌరవించదగ్గ పెద్దలే, గౌరవంగానే మీరు చెప్పండి, తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని.

ఈ రోజు ఆఫీసు నుంచి కాస్త ముందుగా బయల్దేరండి. ఇంటికి కాకుండా షాపుకే వెళ్లండి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులతో అమ్మ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది. సూదులు తీయించి, పోటీలో పాడబోయే పాటను మొదటి నుంచి చివరిదాకా పాడమనండి. మధ్యలో ఎవరైనా బ్లౌజు కోసం వస్తే మీరే లేచి వెళ్లి, పది నిమిషాలు ఆగమని చెప్పండి.