కేసున్నోడికి కాలేజీ సీటు ఇస్తారా?

ప్రశ్న: సార్, మాది కోవూరు దగ్గర పల్లె. 2023లో వినాయకుణ్ణి పెన్నలో కలిపే రోజు డీజే దగ్గర మాటామాటా పెరిగి రెండు వీధుల వాళ్ళం కొట్టుకున్నాం. అవతల ఒకతనికి తలమీద ఐదు కుట్లు పడ్డాయి. నామీద, ఇంకో ముగ్గురి మీద 324 రెడ్‌విత్ 34 పెట్టారు, అంటే ఆయుధంతో గాయపరచడం, అదీ అందరం ఒకే ఉద్దేశంతో కలిసి చేశామని. నేను కర్ర పట్టుకున్న మాట నిజమే. స్టేషన్ బెయిల్ మీద బయటికొచ్చాను, ఛార్జిషీటు వేశారు, వాయిదాలకి తిరుగుతున్నాను. ఇంటర్ అయ్యాక రొయ్యల గుంటల దగ్గర పనిచేశాను, ఇప్పుడు బీకాం చేద్దామనుంది. కేసున్నోడికి సీటివ్వరని మా మేనమామ అంటున్నాడు. అడ్మిషన్‌లో ఏదో అఫిడవిట్ కూడా రాయించుకుంటారంట. నాతోపాటు కేసులో ఉన్న మా పిన్నమ్మ కొడుక్కి అప్పటికి పదిహేడేళ్ళే. డిగ్రీ అయినాక ఎస్సై పరీక్ష రాయాలని నా ఆశ. దారుందా?
(పేరు వద్దన్నారు, కోవూరు మండలం)

జవాబు: తమ్ముడూ, ముందు మీ మేనమామ మాట పక్కన పెట్టు. మామూలు డిగ్రీకి అడిగేది ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్, కులం, ఆదాయం కాగితాలు, అంతే. కేసులున్నాయా అని స్టేషన్‌కి రాసి కనుక్కునే పద్ధతి అందులో లేదు. నీమీద ఉన్నది ఇంకా ఆరోపణే, కోర్టు తేల్చేదాకా నిన్ను నేరస్థుడనే హక్కు ఎవరికీ లేదు, ఊళ్ళో అరుగు మీద కూర్చుని అనేవాళ్ళ సంగతి నేను చెప్పలేను.

నువ్వు భయపడే ఆ అఫిడవిట్ ర్యాగింగ్‌ది. 2009లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, పెట్టిన నిబంధన, విద్యార్థీ ఇవ్వాలి, తల్లో తండ్రో కూడా ఇవ్వాలి. ర్యాగింగ్ చేసి ఏ కాలేజీ నుంచైనా బహిష్కరణకు గురయ్యావా అని అందులో ఉంటుంది. మీ వినాయకుడి గొడవకి దానికి సంబంధం లేదు, ధైర్యంగా సంతకం పెట్టు. కానీ ఏదైనా కాలేజీ తన సొంత ఫారంలో 'మీపై క్రిమినల్ కేసు ఏదైనా ఉందా' అని సూటిగా అడిగితే మాత్రం 'లేదు' అని రాయొద్దు. ఉంది, ఫలానా కోర్టులో విచారణలో ఉంది అని రాయి. అడగని చోట నువ్వే చెప్పుకోవాల్సిన పని లేదు. బీకాం తర్వాత లా వైపు మనసు మళ్ళితే లెక్క వేరు, లా విద్యార్థులు తమ మీదున్న కేసుల వివరం రాసివ్వాలని వకీళ్ళ సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో కాలేజీలకి చెప్పింది.

చదువుకి అసలు అడ్డం వచ్చేది వాయిదాలు. కాలేజీలో 75 శాతం హాజరు చూస్తారు, కోర్టులోనేమో నువ్వు రాకపోతే నాన్ బెయిలబుల్ వారంట్ వేస్తారు. ఒక కుర్రాడికి పరీక్ష రోజే వాయిదా పడింది, ఏం చేయాలో తెలియక వాడు పరీక్షకే వెళ్ళిపోయాడు, తర్వాత వారం కానిస్టేబుల్ హాస్టల్ గేటు దగ్గరికొచ్చాడు, కాలేజీ అంతటికీ కేసు సంగతి తెలిసింది కూడా అలాగే. ఇలాంటి పిల్లల్ని నేను కోర్టులో చూస్తూనే ఉన్నాను. నాలుగు రోజులు ముందే హాల్ టికెట్ జిరాక్స్ తీసుకెళ్ళి మీ వకీలు చేతిలో పెడితే ఆ రోజు నువ్వు రాకుండా మన్నించమని ఆయన ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు, మా కోర్టుల్లో దాన్ని 317 అంటాం. ఆయన ఫోన్ ఎత్తడంటావా, గుమాస్తా నంబరు పెట్టుకో, గుమాస్తాలు ఎత్తుతారు. ఫీజు కట్టలేని వాళ్ళకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది, ఫోన్ 15100.

రాజీ సంగతి నువ్వు అడగలేదు కానీ అడగాల్సింది అదే. కుట్లు పడ్డ అతను ఒప్పుకున్నా లోక్ అదాలత్‌లో కూర్చుని చెరిపేసుకునే సెక్షన్ కాదు 324, చిన్న దెబ్బల 323కి ఆ వీలుంది గానీ దీనికి లేదు. మీ గొడవ 2023 నాటిది కాబట్టి 2024 జులై 1న కొత్త చట్టం వచ్చినా నీకు పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) సెక్షనే. ఇద్దరూ కలిసి హైకోర్టుకి వెళ్ళి కేసు కొట్టేయమని అడగొచ్చు, ఇలాంటి సొంత గొడవల్లో రాజీ అయితే హైకోర్టు కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. ఖర్చు ఉంటుంది. అయినా ఆ ఖర్చుకంటే ముందు చేయాల్సింది, మీ నాయన్ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి మాట్లాడటం. కర్ర పట్టుకున్నానని నాకు రాయగలిగినవాడివి, వాళ్ళ ముందూ అనగలవు.

ఎస్సై ఆశ మీద తేలిగ్గా హామీ ఇవ్వను. పోలీసు ఉద్యోగాల్లో కేసు కొట్టేసినా, ఎలా కొట్టేశారని చూస్తారు. సాక్షులు మాట మార్చడం వల్ల పోయిన కేసునీ, అసలు నేరమే లేదని తేలిన కేసునీ ఒకే తూకం వేయరు. ఉద్యోగంలో చేరేముందు నీ వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో కొట్టేసిన కేసైనా రాయాల్సిందే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, నిజం రాసినా పరిశీలించే అధికారం శాఖకి ఉంటుంది, దాస్తే ఆ దాచడమే ఉద్యోగం పోగొట్టొచ్చు. కాబట్టి బీకాంతో బ్యాంకు పరీక్షలకీ, అకౌంట్స్ పనికీ కూడా సిద్ధమవుతూ ఉండు.

మీ పిన్నమ్మ కొడుకు విషయం సుళువు. పద్దెనిమిది నిండని పిల్లల కేసు జువెనైల్ బోర్డుకి పోతుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అక్కడ తప్పు తేలినా దాని వల్ల ఏ అనర్హతా అంటదు. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు కూడా. వయసు రుజువుకి టెన్త్ మెమో భద్రంగా ఉంచుకోమను.

ప్రశ్న: మా అన్న చెముడుగుంట సెంట్రల్ జైల్లో శిక్షలో ఉన్నాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. లోపలుండి చదవొచ్చా అండీ?
(ఒక చెల్లెలు, నెల్లూరు)

జవాబు: చదవొచ్చమ్మా. ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఖైదీలకి ఫీజు లేకుండా చదువు చెబుతుంది. ఈసారి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు మీ అన్నని సూపరింటెండెంట్‌కి అర్జీ రాయమనండి, ఇంటర్ మెమో కాపీలు మీరు తీసుకెళ్ళండి, ఒరిజినల్స్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. పాత కాలేజీలో పాసైన సబ్జెక్టుల మెమోలు పారేయకుండా వెతికి పెట్టండి, వాటిని లెక్కలోకి తీసుకుంటారేమో అర్జీతోపాటే అడగొచ్చు.